నేను వెనక్కి తీసుకున్న పదకొండు ఫోటోలు

పాలిటెక్నిక్ పూర్తి చేసి గల్ఫ్‌కు బయల్దేరే తమ్ముళ్ళు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేసి, వెంట ఏమేం తీసుకుపోవాలని అడుగుతుంటారు. సర్టిఫికెట్ల జిరాక్సులు ఐదు సెట్లు, పచ్చడి లీకవని డబ్బా, చలికాలం అయితే ఒక స్వెటర్ అని చెప్తాను. స్వెటర్ అనగానే నవ్వుతారు. ఎడారిలో చలేమిటని. రాసుకోమంటాను. అక్కడికి వెళ్ళాక ఉద్యోగంలో ఎట్లా నడుచుకోవాలని అడిగినవాళ్ళు ఇప్పటికి ఇద్దరే. వాళ్ళకు ఫోన్‌లో చెప్పలేక దాటవేసిన సంగతి ఇది. నేను ఖతర్ వదిలి వచ్చి కొన్నేళ్ళయింది. రిటైరయ్యే వయసు కాదు కానీ, ఆ పని మళ్ళీ చేయను గనుక ఆ పని వరకు రిటైరైనట్టే.

నాది సివిల్ డిప్లొమా. దోహాలో ఒక సర్వే కంపెనీలో చేరి, అల్ ముంతజాలో మరో ఐదుగురితో ఒక గదిలో ఉండి, రెండేళ్ళు రోడ్లు కొలిచాను. చమురు ధర పైపైకి పోతున్న కాలం. మేము కొలిచిన రోడ్డు మూడు నెలలకు మళ్ళీ చూస్తే ఉండేది కాదు, దాని మీద ఇంకో రోడ్డు వచ్చేది. ఆ రోజుల్లోనే మా కంపెనీకి దుఖాన్ దిక్కున పర్యావరణ సర్వే పని ఒకటి వచ్చింది. దానికి నన్ను ఎందుకు తీసుకున్నారో మూడు కారణాలు చెప్పారు. ఒకటి, నా దగ్గర సొంత కెమెరా ఉంది. రెండు, నా రికార్డులు శుభ్రంగా ఉంటాయి. మూడు, రోడ్డు సర్వే వాళ్ళు నన్ను వదులుకోగలరు. మూడోదే అసలు కారణమని తర్వాత తెలిసింది.

పని ఇది. ఒక కొత్త పైపులైను పడమటి తీరం వైపు నుంచి రావాలి. కాగితం మీద గీసిన గీత ఒక రౌదా మధ్యగా పోతుంది. రౌదా అంటే చుట్టూ ఉన్న రాతినేల మీద పడ్డ వాన వచ్చి చేరే పల్లం. ఏడాదిలో ఎక్కువ రోజులు అది ఉత్త మట్టి. చలికాలంలో రెండు వానలు పడ్డాయంటే పిక్కల దాకా గడ్డి లేస్తుంది. పొడవు సుమారు రెండు కిలోమీటర్లు. ఆ గడ్డిని నమ్ముకుని జంతువులు, పక్షులు బతుకుతున్నాయని ఫోటోలతో రుజువైతే పైపు చుట్టూ తిరిగి పోతుంది. రుజువు కాకపోతే నేరుగా దానిలోంచే పోతుంది. ఆరు వారాల గడువు. ఆ ఫోటోలు తీయాల్సింది నేను.

మా టీమ్ లీడర్ కాకినాడ వైపు మనిషి. జువాలజీ చదివి ఇరవై ఏళ్ళుగా గల్ఫ్ దేశాల్లో పక్షులు లెక్కపెడుతున్న పెద్దాయన. మొదటి రోజే రూళ్ళు చెప్పాడు. రౌదా పొడవునా పది పాయింట్లు, పడమటి నుంచి తూర్పుకు వరస నంబర్లు. సూర్యోదయానికి ముందే గూడారం లాంటి చాటులో కూర్చోవాలి. ఫోటో నంబరు, సమయం, దిక్కు, ఏ జాతి, ఎన్ని ఉన్నాయి అన్నీ రాయాలి. ప్రతి పేజీ కింద ఒక వాక్యం ముందే అచ్చు వేసి ఉంటుంది: ఇక్కడ ఏమీ పెట్టలేదు, ఏమీ తీయలేదు, ఉన్నది ఉన్నట్టు తీయడమైనది. దాని కింద నా సంతకం.

మొదటి మూడు వారాలు నాకు దొరికినవి చుక్కలు. తెరమీద పెద్దవి చేసి చూపిస్తే టీమ్ లీడర్ కళ్ళద్దాలు తుడుచుకుని, "ఇదేమిటయ్యా, పక్షా? దుమ్మా?" అనేవాడు.

"పక్షే సార్. ఎగిరింది."

"దుమ్ము కూడా ఎగురుతుందయ్యా."

తప్పులన్నీ నావే. ఇప్పుడైతే వరసగా చెప్పగలను. కారును పాయింటు దాకా తెచ్చుకునేవాణ్ణి. పొద్దున పొగమంచులో లెన్సు మీద తేమ పడుతుందని తెలియక మొదటి వారం సగం ఫోటోలు పాలలో ముంచినట్టు వచ్చాయి. అన్నిటికంటే పెద్దది, కంపెనీ భద్రతా నియమం ప్రకారం నారింజ రంగు మెరిసే జాకెట్ వేసుకుని చాటులో కూర్చునేవాణ్ణి. నియమం రాతలో ఉంది. చాటులో ఉన్నవాడికి మినహాయింపు రాతలో లేదు. నాకు రాతలో లేనిది చేసే అలవాటు లేదు.

ఈ సంగతి మొదట గమనించింది నేను కాక అని పిలిచే ఒక పెద్దమనిషి. రౌదా ఈశాన్య మూలలో పైపులు దించి పెట్టుకునే యార్డు ఉండేది. అందులో కూలిపని చేసేవాడు. జగిత్యాల దిక్కు ఊరు, యాభై దాటిన మనిషి. మాది కరీంనగర్ అని తెలిసిన రోజు నుంచి నేను ఆయన్ను కాక, అంటే చిన్నాన్న, అన్నాను, ఆయన నన్ను బిడ్డా అన్నాడు. డ్యూటీకి ముందు పొద్దున్నే యార్డు కంచె దగ్గర నిలబడి నన్ను చూసేవాడు.

"ఏం బిడ్డా, పెండ్లికొడుకు లెక్క మెరుస్తున్నవ్. పిట్టలకు దండలేస్తవా ఏంది?"

"రూల్ కాక. ఏసుకోవాలె."

"రూల్ పిట్టలకు జెప్పిన్రా మరి?"

శుక్రవారం సెలవు. ఆ రోజు ఆయన యార్డు నుంచి నడుచుకుంటూ వచ్చి ఏడో పాయింటు దగ్గర ఉన్న రేగు చెట్టు కింద కూర్చునేవాడు. చెట్టు అంటే మన రేగే, కానీ నడుములోతు. చెప్పులు విడిచి గడ్డిలో కాళ్ళు చాపుకుని గంటల తరబడి అట్లాగే ఉండేవాడు. క్యాంపులో మిగతావాళ్ళు ఫోన్ కార్డులు, బట్టలు, పేకాటల్లో ఉంటే ఈయన ఇక్కడ. మెట్ట భూమిని మా వైపు చెలక అంటారు. ఆయన ఆ రౌదాను చెలక అనే అనేవాడు. "ఇయ్యాల చెలకకు పోయిన," "చెలకల గడ్డి మంచిగ లేసింది." అది నడిచి పోగలిగినంత దూరంలో ఉన్న ఒకే పచ్చదనం. పైపు దానిలోంచి పోవచ్చని నేను చెప్పినప్పుడు ఆయన పక్కనున్న గడ్డిని అరచేత్తో నిమిరాడు. తర్వాత, "నీ ఫోటోలు అస్తె పోదు. గంతేనా?" అన్నాడు.

"గంతే కాక."

"రాకపోతే?"

పక్కనే ఉన్న మా డ్రైవర్ అందుకున్నాడు. ఆయన బోధన్ మనిషి. ఇంట్లో దక్కనీ, బయట తెలుగు, నాతో రెండూ. "రాకపోతే ఏముంది చాచా, ఇంజినీర్ సాబ్ వీసా ఖతం. ఎగ్జిట్ కొట్టి పంపుతరు. యల్లా, చలో కరీంనగర్!" అన్నాడు. అది హాస్యం. ఫోటోలు రాకపోతే నన్ను మళ్ళీ రోడ్ల సర్వేకు పంపుతారు, అంతే. నేను సరిచేయలేదు. నవ్వాను. కాక నవ్వలేదని అప్పుడు గమనించలేదు.

నాలుగో వారం నుంచి ఫోటోలు రావడం మొదలైంది.

ఏడో పాయింటులో మొదట నెత్తిన జుట్టున్న నేలపిచ్చుకలు, ఒకటి కాదు, పన్నెండు. మర్నాడు ఇసుక రంగు పావురాల్లాంటివి, శాండ్‌గ్రౌస్ అంటారు, జంటగా వచ్చి తాపీగా తిరిగాయి. మూడో రోజు కుందేలు. చెవుల్లోంచి పొద్దుటి ఎండ ఎర్రగా కనిపిస్తోంది. నలభై మీటర్ల దూరం.  రెండు వారాల్లో పదకొండు మంచి ఫోటోలు. టీమ్ లీడర్ వాటిని ముసాయిదా నివేదికలో పెట్టి క్లయింటుకు పంపాడు. "ఇప్పుడు పక్షులయ్యాయయ్యా" అన్నాడు. అది ఆయన నోట వచ్చిన పెద్ద మెప్పు. నేను అదంతా నా నేర్పు అనుకున్నాను. చలి పెరిగింది, నేను కదలకుండా కూర్చోవడం నేర్చుకున్నాను, అవి నాకు అలవాటు పడ్డాయి అని కారణాలు కూడా వరసగా రాసుకున్నాను.

ఐదో వారం చివర, గురువారం, ఐన్ ఖాలిద్‌లో మా ఆఫీసు ఉన్న విల్లాలో కూర్చుని తుది నివేదిక కోసం ఫోటోలు కత్తిరిస్తున్నాను. కుందేలు మూతి దగ్గర ఏదో లేతరంగు ఆకు. రౌదాలో మొలిచే మొక్కల జాబితా నేనే తయారు చేశాను, అందులో ఇంత వెడల్పాటి ఆకు లేదు. పెద్దది చేశాను. ఆకుకు ఒక అంచు గీత గీసినట్టు తిన్నగా ఉంది. కత్తితో కోసిన అంచు.

క్యాబేజీ.

తర్వాత మిగిలిన పదీ పెద్దవి చేసి చూశాను. నాలుగింటిలో నేల మీద తెల్లటి గింజలు కనిపించాయి. అన్నిటినీ ఒక కాగితం మీద గుర్తు పెడితే పదకొండూ ఐదు మీటర్ల వలయంలో పడ్డాయి. రెండు కిలోమీటర్ల రౌదాలో ఐదు మీటర్లు. ఇది ముందే చూడాల్సింది. ఫోటో తీసిన తర్వాత ఆ చోటికి నడిచి వెళ్ళి నేల చూడాలని నా జాబితాలో లేదు. జంతువులను చెదరగొట్టకూడదని మాత్రం ఉంది. కాబట్టి నేను చెదరగొట్టలేదు, చూడనూ లేదు.

టీమ్ లీడర్‌కు చూపించాను. ఆయన తెర దగ్గరికి మొహం పెట్టి ఆ ఆకును చాలాసేపు చూశాడు.

"మా ఆవిడ కూడా ఇంత నీటుగా కోయదు" అన్నాడు. తర్వాత కళ్ళద్దాలు తీశాడు. "ఎవరికైనా చెప్పావా?"

"లేదు సార్. మీకే."

"క్లయింటు దగ్గర చిన్న ఫోటోలే ఉన్నాయి. వాళ్ళకు కనపడదు. నువ్వు ఉంచుదామంటే నేను ఉంచుతాను. తీసేద్దామంటే తీసేస్తాను. కానీ తీసేస్తే ఆ గడ్డి నిలవదు. మనకున్నవన్నీ ఇవే."

"మీరేమంటారు సార్?"

"నేనేమీ అనను. సంతకం నాది కాదుగా."

ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు ఇట్లాంటి చోట ఎంత తేలిగ్గా పక్కకు జరుగుతారో ఆ రోజు చూశాను. ఇది తప్పు పట్టడం కాదు. ఆయన స్థానంలో ఉంటే నేనూ అంతే చేసేవాణ్ణేమో.

మర్నాడు శుక్రవారం. డ్రైవర్‌ను తీసుకుని రౌదాకు వెళ్ళాను. దారిలో అడిగితే మొదట తప్పించుకున్నాడు, తర్వాత ఒప్పుకున్నాడు.

"చాచా పైసలిచ్చి జొన్నలు తెమ్మంటే తెచ్చిన సాబ్. మన ముంతజాలనే దుకాణం. జొన్నలు తెచ్చుడు గూడ హరామా?"

"నాకు చెప్పొద్దని అన్నడా?"

"ఆయన అనలే. నేనే అనుకున్న. సర్‌ప్రైజ్ లెక్క ఉంటదని."

కాక రేగు చెట్టు కిందే ఉన్నాడు. కాళ్ళు చాపుకుని, భుజాల మీద దుప్పటి కప్పుకుని. గాలి బాగా చల్లగా వీస్తోంది. నేను ల్యాప్‌టాప్ తెరిచి కుందేలును చూపించాను. ఆయన మొహం వెలిగింది.

"అబ్బ! మీసాలు గూడ పడ్డయి గద బిడ్డా!"

"దాని నోట్లున్నదేంది కాక?"

"గోబీ ఆకు. మెస్సుల పారేస్తరు. ఊకె పోతది గదా అని తెచ్చి ఏసిన."

దాపరికం ఏమీ లేదు. ఆయన చేసింది దాచాల్సిన పని అని ఆయనకు తెలియదు. చిన్నప్పుడు జొన్న చేనులో మంచె మీద నిలబడి వడిసెలతో రాళ్ళు విసిరి పిట్టలను వెళ్ళగొట్టడమే ఆయన పని అట. పిట్టలను రానీయకుండా చేసినవాడికి వాటిని రప్పించడం కూడా తెలుస్తుందని చెప్పాడు. తెల్లారకముందే వచ్చి గింజలు చల్లి, నేను వచ్చేసరికి యార్డుకు వెళ్ళిపోయేవాడు. నా వీసా పోకూడదని. ఆయన చెలక పోకూడదని.

నేను సంతకం సంగతి చెప్పాను. ఏమీ పెట్టలేదని రాసి ఇచ్చానని, ఇవి లెక్కలోకి రావని.

"ఎందుకు రావు?" అన్నాడు. గొంతు మారింది. "నా జొన్నలు తిన్నంత మాత్రాన అవి పిట్టలు గాకుంట పోతయా? దొంగపిట్టలా అవి?"

"అట్ల కాదు కాక. గింజలేస్తె ఏడికెళ్ళో అస్తయి. ఈ గడ్డిని నమ్ముకోని ఉన్నయని ఎట్ల జెప్పుడు?"

"ఏడికెళ్ళస్తయి? ఈడియే. జగిత్యాలకెళ్ళి నేను తెచ్చిన్నా?"

 ఆయన చెప్పింది చాలావరకు నిజం. ఆ పిట్టలు అక్కడివే. డ్రైవర్ కూడా ఆయన పక్షానే ఉన్నాడు. "సాబ్, ఉండనీ. ఎవ్వనికి తెల్వదు. నువ్వొక్కనివే దేఖ్ దేఖ్ అని ఎతుకుతున్నవ్."

దీన్ని నిజాయితీ అని నేను పేరు పెట్టుకోను. రోడ్డు సర్వేలో ఒక రీడింగు తప్పని తెలిస్తే దాని మీద కట్టిన లెక్కలన్నీ నన్ను పీడిస్తాయి. ఇదీ అటువంటిదే. పైగా నాకొక భయం ఉంది. ఎప్పుడో ఒకరోజు క్లయింటు మనిషి స్వయంగా ఏడో పాయింటుకు వచ్చి, గింజలు లేని రోజున ఒక్క పిట్టా లేకపోతే, నేను రాసిన మిగతా పేజీలన్నీ కూడా అబద్ధమే అవుతాయి.

"తీసేస్తున్న కాక" అన్నాను.

ఆయన దుప్పటి దులుపుకుని లేచాడు. యార్డు వైపు పది అడుగులు వేసి ఆగాడు. వెనక్కి తిరగకుండానే, "ఇంకెన్ని దినాలున్నయి నీకు?" అన్నాడు.

"ఐదు పొద్దులు."

"అయితే ఈడ కూసోకు. ఈడ ఇగ అవి గింజల కోసమే అస్తయి. పడమటి దిక్కు పో. పొద్దు పొడిచేటప్పుడు అవి అటుకెళ్ళే లేస్తయి, నేను చూస్తున్న గదా రోజు. నువ్వు గాలికి ముంగట కూసుంటున్నవ్. నీ వాసన ముందుగాల పోయి చెప్తాంది, ఎనుకెనుక నువ్వు పోతున్నవ్."

ఐదు వారాలుగా నేను గాలి వేగం రోజూ రాశాను. గాలి దిక్కు కూడా రాశాను. ఆ రెండు గడులను కూర్చునే చోటుతో కలిపి చూడాలని నాకు తోచలేదు.

శనివారం నుంచి కారును కిలోమీటరు దూరంలో ఆపి నడిచాం. మొదటి రోజు డ్యూటీకి ముందు కాక కూడా వచ్చి, రెండో పాయింటుకూ మూడో పాయింటుకూ మధ్య ఒక చిన్న గట్టు చూపించి అక్కడ బోర్లా పడుకోమన్నాడు. నారింజ జాకెట్ విప్పనని నేనంటే ఒక గోనెసంచి తెచ్చి దాని మీద కప్పాడు. "ఏసుకున్నవ్ గదా? రూల్ తప్పలే. కప్పుకోవద్దని ఏడన్న రాసున్నదా?" రాసి లేదు. చూసుకున్నాను.

రెండు రోజులు ఏమీ రాలేదు. వేళ్ళు కొంకర్లు పోయి బటన్ నొక్కడానికి వచ్చేవి కావు. మూడో రోజు నాకు పదిహేను అడుగుల దూరంలో మట్టిముద్ద అనుకున్నది కన్ను తెరిచింది. కుందేలు. చెవులు వీపుకు అంటించి పడుకుని ఉంది. అది అక్కడ ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. నేను వచ్చి పడుకున్నప్పుడు కూడా ఉండే ఉంటుంది. ఒక్క ఫోటో తీశాను, అది లేవలేదు.

ఐదో రోజు, అంటే చివరి పొద్దు, హుబారా వచ్చింది. మన బట్టమేక పిట్టకు దూరపు చుట్టం. అరబ్బులు డేగలతో వేటాడేది దీన్నే. మెడ నిటారుగా పెట్టి, అడుగు తీసి అడుగు వేస్తూ, అప్పుడప్పుడు వంగి గడ్డి కొసలు తెంపుతూ నా ఎదుట అడ్డంగా నడిచిపోయింది. రెండు ఫోటోలు. ఈసారి అది వెళ్ళిపోయాక లేచి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని నేలను వెతికాను. దాని అడుగుల గుర్తులు, కొరికిన గడ్డి. ఇంకేమీ లేదు. ఆ గడ్డిని కూడా ఫోటో తీశాను.

నివేదికలో పదకొండు ఫోటోలు తీసేసి, నాలుగు చేర్చి, ఒక పేరా రాశాను. ఏడో పాయింటు వద్ద ఆహారం వేసి ఉన్నందున అక్కడి ఫోటోలు ఉపసంహరించుకోవడమైనది. టీమ్ లీడర్ చదివి, కామా ఒకటి మార్చి, క్లయింటుకు పంపాల్సిన కాగితాల్లో పెట్టాడు.

మీటింగులో క్లయింటు తరఫు ఇంజినీరు ఒక నెరిసిన గడ్డం పెద్దాయన. ముసాయిదానూ తుది నివేదికనూ పక్కపక్కన పెట్టుకున్నాడు. ఫోటోలు పెరగాల్సింది పోయి తగ్గాయేమని అడిగాడు. నేను చెప్పాను. ఆహారం వేసింది ఎవరని అడిగాడు. యార్డు దాటి పరాయి నేల మీద తిరిగిన కూలీని ఆ కాలంలో ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేవాళ్ళని నాకు తెలుసు. మా టీమ్ వైపు నుంచి జరిగిన పొరపాటని, పర్యవేక్షణ నాదేనని అన్నాను. ఆ మాట పూర్తిగా నిజం కాదు. పదకొండు ఫోటోల విషయంలో అంత పట్టుదలగా ఉన్నవాణ్ణి ఇక్కడ సులువుగానే అనగలిగాను.

ఆయన ఆ నాలుగు ఫోటోలను వెలుతురుకు ఎత్తి చూశాడు. కొరికిన గడ్డి ఫోటోను అన్నిటికంటే ఎక్కువసేపు చూశాడు. తర్వాత మ్యాపు మీద స్కేలు పెట్టి, పెన్సిల్‌తో ఒకటో పాయింటు నుంచి ఐదో పాయింటు దాకా గడ్డి చుట్టూ తిరిగే వంపు గీశాడు. ఆరు నుంచి పది దాకా స్కేలు నేరుగా పెట్టి గీత కొట్టాడు. "ఇక్కడి దాకా మీ దగ్గర రుజువు ఉంది. ఇక్కడ లేదు" అన్నాడు. అందులో కోపం లేదు. నేనైనా అట్లాగే గీసేవాణ్ణి.

పర్యావరణ పని అయిపోవడంతో నన్ను మళ్ళీ సర్వేకు పంపారు. గీత ఖరారయ్యాక దాన్ని నేల మీద గుర్తు పెట్టే పని మా కంపెనీకే వచ్చింది. మేకులు కొట్టడానికి యార్డు నుంచి ఇద్దరు కూలీలను ఇచ్చారు. వాళ్ళలో ఒకరు కాక. పడమటి వైపు నుంచి పని మొదలుపెట్టాం. పైపు గీత రౌదా అంచు వెంబడి బయటగా తిరిగింది. కాక ప్రతి మేకు కొట్టి, గడ్డి ఎంత దూరంలో ఉందో చూసి తల ఊపేవాడు. ఐదో పాయింటు దాటాక గీత లోపలికి మళ్ళింది. ఆయన తల ఊపడం ఆపేశాడు. ఎండ వచ్చింది. స్వెటర్లు విప్పి మేకుల సంచీ మీద వేశాం.

రేగు చెట్టుకు రెండడుగుల పక్కన ఒక మేకు పడింది. నేను మేకు పట్టుకున్నాను. ఆయన సుత్తి ఎత్తలేదు.

"బిడ్డా, ఒక్క మాటడుగుత. నువ్వు గా ఫోటోలు తీసెయ్యకుంట ఉంచితె, ఈడ గూడ వంకర తిరుగుతుండెనా ఈ పైపు?"

"తిరుగుతుండె కాక."

ఆయన చెట్టు వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"మరి నేను జొన్నలు సల్లకుంట ఉంటె?"

దీని గురించి నేను ముందే ఆలోచించాను. ఆయన చల్లకపోతే నేను నాలుగో వారం కూడా అక్కడే కూర్చునేవాణ్ణి. ఐదో వారం కూడా. ఓపిక పడితే అక్కడి కుందేలు తనంతట తానే వచ్చేదేమో. వచ్చి ఉంటే ఆ చెట్టు నిలిచేది. ఆయన వేసిన గింజల వల్లే ఆ మూల రుజువుకు పనికిరాకుండా పోయింది. అయితే పడమటి భాగం నిలిచింది కూడా ఆయన వల్లే.

"సల్లకున్నా గంతే కాక" అన్నాను. "పైపు ఈడికెళ్ళే పోతుండె. ఎట్లయినా."

కాక నా మొహంలోకి కొంచెంసేపు చూశాడు. నమ్మాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. సుత్తి ఎత్తి మూడు దెబ్బలు కొట్టాడు. మేకు తల నేలకు సమానంగా దిగింది.

"తర్వాతది ఏడ?" అన్నాడు.

చూపించాను.